తొక్కకుండానే డబుల్ బ్లాక్ దాకా

బెంటన్‌విల్‌లో దిగిన తెలుగువాళ్లని మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, "డూ యూ రైడ్?" అని. లేదని మాత్రం చెప్పకండి. ఆర్కాన్సా రాష్ట్రంలో ఓజార్క్ గుట్టల మధ్య ఉన్న ఊరిది. 2020 జనాభా లెక్కల్లో 54 వేలు దాటింది, అంతే. కానీ ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని తనేనని చెప్పుకుంటుంది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఆ కంపెనీ పెట్టిన శామ్ వాల్టన్ మనవలు టామ్, స్టూవర్ట్ ఈ బాటల మీద మనసూ డబ్బూ రెండూ పెట్టారు. మీ మేనేజరు తొక్కుతాడు, ఆయన పై మేనేజరూ తొక్కుతాడు. మీరూ తొక్కుతారని నలుగురూ అనుకోవాలి. అందుకు తొక్కనక్కర్లేదు. కింద చెప్పినట్టు చెయ్యండి చాలు.

1. ముందు బోర్డులు చదవడం నేర్చుకోండి. ఆకుపచ్చ వలయం ఉంటే తేలిక బాట. నీలం చదరం మధ్యరకం. నల్ల వజ్రం కష్టం. రెండు నల్ల వజ్రాలుంటే ఆరితేరినవాళ్లకే. మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్ల గుర్తులనే అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం సైకిలు బాటలకి తెచ్చుకుంది. వాళ్ల లెక్కలో గ్రీన్ బాట కనీసం 36 అంగుళాల వెడల్పుంటుంది, సగటు వాలు 5 శాతం మించదు. బ్లూ అయితే 24 అంగుళాలు, 10 శాతం. బ్లాక్ 12 అంగుళాలైనా చాలు, మన కృష్ణా జిల్లా పొలం గట్టులాగా. డబుల్ బ్లాక్ ఆరంగుళాలకీ దిగుతుంది, వాలు 20 శాతం దాటుతుంది. ఈ అంకెలు కంఠతా పట్టండి. లంచ్ టేబుల్ దగ్గర అంకెలు చెప్పేవాణ్ణి "నువ్వు తొక్కావా" అని ఎవరూ అడగరు.

2. గ్రీన్ స్థాయి వాళ్లు కోలర్ ప్రిజర్వ్‌తో మొదలుపెట్టండి. అడవి మధ్యలో కాఫీ షాపుంది. కారు పోదు, నడిచో సైకిలు మీదో చేరాలి. సైకిలు నడిపించుకుంటూ వెళ్లి కాఫీ తాగండి. హ్యాండిల్ పక్కన కప్పు పెట్టి ఫొటో తీసుకుని, నడిపించుకుంటూ వెనక్కి రండి. ఇంకాస్త హుషారుంటే రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే ఉంది. ఫేయెట్‌విల్ నుంచి బెల్లా విస్టా దాకా దాదాపు 40 మైళ్ల నున్నటి రోడ్డు. ఫొటోలో కిందిభాగం కత్తిరిస్తే అది రోడ్డని ఎవరికీ తెలియదు. ఆ ఫొటో గుంటూరులో మీ అత్తగారి ఫోనుకి చేరేసరికి అల్లుడు అమెరికా అడవులు గాలిస్తున్నాడని పేరొస్తుంది.

3. బ్లూ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆయాసమని చెప్పకండి, మర్యాద అని చెప్పండి. బాటల మీద దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలనేది నియమం. అంటే హక్కు మీది. దాన్ని ఉదారంగా వదులుకోండి. పైనుంచి ఎవరొచ్చినా పక్కకి తప్పుకుని, ఒక కాలు కింద పెట్టి, "గో అహెడ్" అనండి. వెనకనుంచి వచ్చేవాళ్లకీ అదే. కుక్కని తిప్పే ముసలాయన కనిపిస్తే ఇంకా మంచిది, కుక్క పేరు అడగండి. ఒక మైలు బాటలో సగం సేపు ఇలా నిలబడే గడపొచ్చు, పైగా మంచివాడన్న పేరు అదనం.

4. మైళ్ల సంగతి. ఫోనులో యాప్ ఆన్ చేసి బాగా తొక్కే కుర్రాడి సంచిలో వేసెయ్యండి. బ్యాటరీ అయిపోతోంది, నీ పవర్ బ్యాంకుకి తగిలించు అనండి. మీరు కార్లో కూర్చోండి. కారుతో పాటు యాప్ నడపడం మాత్రం చెయ్యకండి, ఆ వేగం చూసి ఇట్టే పట్టేస్తారు.

5. బురద దగ్గర శ్రద్ధ కావాలి. చాలామంది చెంప మీద ఇంత రాసుకుని దొరికిపోతారు. వెనక చక్రం బురదని పైకి చిమ్ముతుంది. అది వీపు మీద నడుము నుంచి మెడ వైపు నిలువు చారగా పడుతుంది, కింద దట్టంగా, పైకి పోయేకొద్దీ చుక్కలుగా. పార్కింగ్ పక్క గుంటలోంచి పలచటి బురద తీసుకుని, పాత టూత్‌బ్రష్ ముంచి, వేలితో మీటుతూ చల్లండి. వీపు మీకు అందదు కాబట్టి చొక్కా విప్పి కారు బానెట్ మీద పరిచి చల్లండి. పిక్కల మీద నాలుగు చుక్కలు వేసుకోండి. సాక్సు మడత లోపల శుభ్రంగా ఉండాలి. తొక్కినవాళ్లకి అలాగే ఉంటుంది.

6. రమ్మని పిలిస్తే చెప్పే సాకుల్లో శనివారం ఒక్కపొద్దుకి సాటి లేదు. రైడ్లు పెట్టేదే శనివారం. దేవుడి మాట వచ్చాక తెల్లవాళ్లు రెండో ప్రశ్న వెయ్యరు. తెలుగువాళ్లు అడిగితే వర్జ్యం అనండి. పంచాంగం ఊరిని బట్టి మారుతుంది, బెంటన్‌విల్ వర్జ్యం సరిచూసే ఓపిక ఎవరికుంది? వాన పడితే బాధగా మొహం పెట్టండి. తడి బాట మీద తొక్కితే చక్రాల గాట్లు పడి, ఎండాక అలాగే బిగుసుకుపోతాయని, బాట మీద ప్రేమతోనే ఆగానని చెప్పండి. ఇది నిజం కూడాను, అందుకే బాగా పనిచేస్తుంది. ఎండ కాసిన ఆదివారానికి డిరైలర్ హ్యాంగర్ వంగిందనండి. చైనుని గేరు నుంచి గేరుకి మార్చే పరికరాన్ని సైకిలుకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క అది. కాస్త వంగినా గేర్లు సరిగ్గా పడవు, వంకర మాత్రం కంటికి ఆనదు. చాలా సైకిళ్లకి ఆ ముక్క దేనిది దానికే. ఆర్డరిచ్చానంటే వారం గడిచినట్టే.

7. మోకాలి తొడుగులు, గడ్డం కూడా మూసే పెద్ద హెల్మెట్ కొనండి. ట్యాగులు తెంపకండి, లోపలికి దోపండి. బ్లాక్ డైమండ్ బోర్డు పక్కన ఫొటో దిగి వాపసు చేసెయ్యండి. గడువు దాటనివ్వకండి.

8. ఎలక్ట్రిక్ సైకిలు కొనండి. క్లాస్ 1 రకమైతే పెడలు తొక్కినంత సేపూ గంటకి 20 మైళ్ల దాకా మోటారు తోస్తుంది. బ్యాటరీ ఉన్న గొట్టం మీద స్టిక్కర్లు వత్తుగా అంటించండి. చక్రాల్లో గాలి పాతిక పీఎస్ఐ చాలని షాపువాళ్లంటారు. మీరు నలభై కొట్టించండి, మళ్లీ నెలల తరబడి పంపు ముట్టనక్కర్లేదు. రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది, అలవాటు పడండి. సీటు కిందికి దించే మీట జోలికి పోకండి. సీటు కొన్నది కూర్చోడానికి.

9. ఇన్ని చేశాక పిలుపు తప్పకుండా వస్తుంది. మీ అంకెలు విని, మైళ్లు చూసి, వీపు చార చూసి, మేనేజరు స్వయంగా డబుల్ బ్లాక్‌కి రమ్మంటాడు. వెళ్లండి. ఇక్కడ ఒక్కపొద్దు వాడకండి, ఇన్నాళ్లూ కష్టపడింది దీనికోసమే. అందరికంటే ముందు మీరే దిగండి. చూపు ముందు చక్రం మీదే పెట్టండి, దూరం చూస్తే భయమేస్తుంది. సీటులో గట్టిగా కూర్చోండి. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకోండి, మొత్తం పట్టుకోండి. మిగతా పని వాలు చూసుకుంటుంది.

10. సైకిలు తొక్కేవాళ్లకి మామూలుగా విరిగేది కాలర్ బోన్. చాలామందికి కట్టు విప్పి మామూలయ్యేసరికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అన్ని వారాలూ ఇంట్లోంచే పని, ఎవరూ రైడుకి పిలవరు, పాట్‌లక్‌లో గిన్నెలు మొయ్యనక్కర్లేదు. మేనేజరు ఇంటికొచ్చి పరామర్శిస్తాడు. బిల్లు చూసి మీ ఆవిడ కంగారుపడితే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ సంగతి వివరంగా చెప్పండి. చాలా పాలసీల్లో అది జనవరి ఒకటిన మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సంక్రాంతి లోపే పడితే ఆ మొత్తం ఒక్కదెబ్బతో చెల్లిపోతుంది, ఏడాదంతా పిల్లల చెవిపోటు, మీ ఆవిడ మోకాలు, ఫిజియోథెరపీ చవగ్గా గడిచిపోతాయి. కాబట్టి మేనేజరు ఎప్పుడు పిలిచినా రైడు జనవరి మొదటి వారానికి జరపండి. డిసెంబరులో మాత్రం ఒప్పుకోకండి, కట్టిన డబ్బంతా వృథా.