మిట్టమధ్యాహ్నమే కెమెరా పెట్టండి

అనంతపురం సీమలో కౌబాయ్ సినిమా తీయాలనుకునే తమ్ముళ్ళారా, ఈ మాటలు వినండి. పెద్ద కెమెరామెన్లు వీటికి ఒప్పుకోరు. అయినా ఇవే చెయ్యండి.

పొద్దున్నే లేవకండి. మెత్తటి వెలుతురు పెళ్ళి ఫొటోలకు బాగుంటుంది. మీ షూటింగు పన్నెండింటికి మొదలవ్వాలి. ఎండ నడినెత్తిన పడితే కనుబొమల కింద గుంటలు నల్లబడి కళ్ళు కనిపించవు. ఎదుటివాడి మనసులో ఏముందో తెలియనప్పుడే భయం పుడుతుంది. రిఫ్లెక్టరు పట్టుకుని ఆ నీడను చెరపాలని చూసే అసిస్టెంటును ఇంటికి పంపేయండి.

రాజస్థాన్‌కు పోకండి. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో కృష్ణ హీరోగా 'మోసగాళ్లకు మోసగాడు' తీసినప్పుడు యూనిట్టంతా అక్కడి ఎడారి దాకా వెళ్ళింది. గొప్ప సాహసమే, కాదనను. కానీ మన వేదవతి ఒడ్డున, కణేకల్లు దగ్గర ఇసుక దిబ్బలున్నాయి. పొలాల మీదికి పాకుతున్న ఇసుక అది. అందులో నిలబడిన మనిషి చేతిలో తుపాకీ లేకపోయినా ఆపద కనిపిస్తుంది.

గుర్రం కూడా అక్కర్లేదు. విలన్‌ను టీవీఎస్ ఎక్సెల్ మీద, వెనక శెనక్కాయ కట్టె మోపుతో సహా రప్పించండి. 1962లో డేవిడ్ లీన్ 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఒమర్ షరీఫ్‌ను ఎండమావిలోంచి ఒంటె మీద రప్పించాడు. ఆ షాటు కోసం కెమెరామన్ ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల లెన్సు వాడాడు. అంత పొడవు లెన్సు దూరాన్ని నొక్కేస్తుంది. మనిషి వస్తూనే ఉంటాడు, దగ్గరికి మాత్రం రాడు. ఏప్రిల్‌లో ఉరవకొండ బీళ్ళ మీద ఎండమావులకేం కొదవ? ముందు నల్లటి చుక్క, ఆ వెనక దుమ్ము, ఆ తర్వాత ఇంజను చప్పుడు. హీరో చెయ్యి నడుము మీదికి పోతుంది. బండి ఇంకా దూరంలోనే ఉంది. కట్ చెప్పకండి. మెరక దగ్గర బండి మొరాయిస్తే విలన్ దిగి నెట్టుకుంటూ వస్తాడు. హీరో చెయ్యి ఇంకా నడుము మీదే ఉంది. ఇక్కడ హాలంతా నవ్వుతుంది. అదే షాటు, అదే లెన్సు. ఒక్క నిమిషం ఎక్కువ నిలిపేసరికి భయం కాస్తా నవ్వయింది. ఇంకాసేపు ఆగండి. వాడు కళ్ళం దగ్గరికొచ్చి, స్టాండు వేసి, మోపులోంచి వేటకొడవలి లాగుతాడు. ఎడిటరు ఈ మూడు నిమిషాల్నీ నలభై సెకన్లకు కుదిద్దామంటాడు. వినకండి. ప్రేక్షకుడు విసుగెత్తి సెల్‌ఫోను తీస్తే తియ్యనివ్వండి. బండి చప్పుడు ఆగగానే వాడే తలెత్తుతాడు.

హాస్యానికని విడిగా ఒక కమెడియన్‌ను పెట్టుకోవద్దు. చంపేవాడి చేతే నవ్వించండి. 'షోలే' (1975) తీసిన రామనగర గుట్టలు మన గుత్తి, పెనుకొండ గుట్టల తోబుట్టువులు. ద్వారకా దివేచా కెమెరా విలన్ గబ్బర్ ముఖానికి ముందు బండ మీద నడిచే బూట్లను చూపింది, ఈడ్చుకొచ్చే బెల్టును చూపింది. ముగ్గురు అనుచరుల మీద గురిపెట్టిన తుపాకీ మూడుసార్లూ పేలదు. గబ్బర్ నవ్వుతాడు, ఆ ముగ్గురూ నవ్వుతారు, ముఠా అంతా నవ్వుతుంది. ఆ నవ్వు చూసేవాడి దాకా పాకాకే ముగ్గురినీ కాల్చేస్తాడు. రాజమౌళి 'మర్యాద రామన్న' (2010)కు గడప ఒక్కటి సరిపోయింది. బస్టర్ కీటన్ 1923లో తీసిన 'అవర్ హాస్పిటాలిటీ' కథే అది: ఇంట్లో ఉన్నంతసేపు అతిథి, కాలు బయటపెడితే పగవాడు. హీరో సునీల్ గడప దగ్గర తచ్చాడుతుంటే నవ్వూ గుబులూ ఒక్కసారే వస్తాయి. అందుకే కాలూ గడపా రెండూ ఒకే ఫ్రేములో ఉండేలా చూసుకోండి, ముఖం తర్వాత సంగతి.

సంగీత దర్శకుణ్ణి కూడా పిలవకండి. సెర్జియో లియోనీ 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) మొదట్లో స్టేషన్లో రైలు కోసం కాచుకున్న ముగ్గురికీ పాట లేదు, గాలిమర కిర్రుమనే చప్పుడే. ఒకడి ముఖం మీద ఈగ వాలితే దాన్ని తుపాకీ గొట్టంలో బంధిస్తాడు. మన రామగిరి కొండల మీద గాలిమరలు కావలసినన్ని ఉన్నాయి.

మేకల కాపరిని ఫ్రేములోంచి తరమకండి. ఇద్దరు పగవాళ్ళు ఎదురెదురుగా నిలబడ్డ చోటికి మంద రానీ. "రోంత పక్కకు జరగండప్పా" అని అతనంటే ఇద్దరూ జరగాలి. కెమెరా దూరంగానే ఉండాలి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు సన్నివేశం నిడివిని ముందే లెక్కగట్టుకుని తీసేవారు. ఆయనంటే ఎంతో గౌరవం నాకు. అయినా ఈ ఒక్క చోట ఆ పద్ధతి వద్దు. మంద దాటడానికి ఎంతసేపు పడితే షాటు అంతసేపు.

దుమ్ము అణచడానికి ట్యాంకరు నీళ్ళు చల్లించకండి. ఆ దుమ్మే వచ్చేవాడి జాడ చెబుతుంది. ట్యాంకరును నీళ్ళకు ఎదురుచూస్తున్న ఊరికి పంపండి. జూన్‌లోనో జూలైలోనో వాన పడితే, సీను సగంలో ఉన్నా సరే, సామాను సర్దేయండి. ఎర్రనేలలో శెనక్కాయ విత్తే పదును ఎక్కువ రోజులు నిలవదు. ట్రాక్టర్లు చేలోకి పోయే దారిలో మీ కెమెరా ఉండకూడదు.