ఏ కృష్ణమూర్తి?

మా బావ ధ్యానం మానేశాడు. పొద్దుటి నడక మానేశాడు. మిరపకాయల మండీ కొడుక్కి అప్పగించి, ఇక మనశ్శాంతి సంగతి చూసుకుంటానన్న మనిషి, కొన్నాళ్ళుగా వరండాలో కుర్చీ వేసుకుని, శాంతి అనేదే లేదు పొమ్మని వచ్చినవాళ్ళందరితో పోట్లాడుతున్నాడు. విరుదునగర్ నుంచి మా అక్క ఫోను: "ఏమిరా తమ్ముడా, ఏం పుస్తకం పంపినావురా ఆయనకి? పూజగదికి తాళం వేసినాడు!"

ఆయన అడిగింది జిడ్డు కృష్ణమూర్తి పుస్తకం. నేను కోవిల్‌పట్టిలో కొట్టువాడికి చీటీ మీద రాసిచ్చింది కూడా అదే. కొట్టు కుర్రాడు ఇంటిపేరు అనవసరమనుకుని, కృష్ణమూర్తి అన్నంత వరకే చదువుకుని, చేతికందిన కృష్ణమూర్తిని కాగితంలో చుట్టి నేరుగా విరుదునగర్‌కి పంపేశాడు. వెళ్ళింది యు.జి. కృష్ణమూర్తి. నిలదీస్తే, "ఈయనా కృష్ణమూర్తే కదా సార్, ఇదీ తత్వమే కదా సార్" అన్నాడు. రెండూ నిజమే. ఒళ్ళు మండింది అందుకే.

తేడా చెప్పబోతే నాకే నోరు తిరగలేదు. జిడ్డువారు 1895లో మదనపల్లెలో పుట్టారు. యు.జి., అంటే ఉప్పలూరి గోపాలవారు, 1918లో బందరులో పుట్టి గుడివాడలో పెరిగారు. ఇద్దరూ తెలుగువాళ్ళు. ఇద్దరూ అడయారు దివ్యజ్ఞాన సమాజం గడప తొక్కి, విసిరికొట్టి బయటికొచ్చినవాళ్ళు. మొదటాయన 1929లో హాలండులోని ఓమెన్‌లో, తనను జగద్గురువని నమ్మి కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశారు. మదనపల్లె ఆయన మనల్ని తలుపుదాకా నడిపించి, ఇక నువ్వే చూసుకో అంటారు. గుడివాడ ఆయన తలుపూ లేదు గోడా లేదు, ముందు ఇంటికి పో అంటారు. తన మాటలకు కాపీరైటు కూడా లేదన్నారు. అంటే బావకి సరైన పుస్తకమే అంది ఉన్నా గురువు దొరికేవాడు కాదు. కాకపోతే లేడన్న ముక్క కాస్త మర్యాదగా తెలిసేది. పూజగది తాళం దాకా వచ్చేది కాదు.

నా బాధ వేరే. నేను వెతుక్కుంటున్నది మూడో కృష్ణమూర్తిని. ఒంగోలులో పుట్టిన భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల మీద రాసిన పెద్ద పుస్తకం 2003లో కేంబ్రిడ్జివాళ్ళు వేశారు. తమిళం ఒక కొమ్మ, తెలుగు ఇంకో కొమ్మ అని ఆయన గీసిన వంశవృక్షం చూడాలని నా కోరిక. పొద్దున వంటింట్లో తెలుగు, పది గంటలకు బ్యాంకులో తమిళం మాట్లాడుతూ రోజూ ఆ కొమ్మ మీంచి ఈ కొమ్మకి గెంతేవాణ్ణి, నాకు కాకపోతే ఎవరికి కావాలది? కానీ కృష్ణమూర్తి అన్న మాట నోట్లోంచి రాగానే ఎదుటివాడి ముఖం ప్రశాంతమైపోతుంది. "ఏం సార్, ఇంట్లో ఏమైనా కష్టమా?" అంటాడు. ధాతువుల గురించి సార్ అంటే, ధాతుపుష్టి లేహ్యం అమ్మే కొట్టు అడ్రసు చెప్పినవాడూ ఉన్నాడు.

దీనికంతటికీ మూలం ఇనీషియలు. దాని సంగతి ఇవాళ తేల్చాలి.

ఆంధ్రాలో మనిషికి ఇంటిపేరు ముందు నడుస్తుంది. జిడ్డు, ఉప్పలూరి, భద్రిరాజు అని అక్షర క్రమంలో పెడితే ముగ్గురూ మూడు బీరువాల్లో ఉంటారు, జన్మలో ఒకరి ముఖం ఒకరు చూడరు. తమిళనాట ఆ ఆచారం లేదు. తండ్రి పేరులోంచి ఒక అక్షరం గిల్లి ముందు పెడతారు, అయిపోయింది. ఊరి పేరు కూడా ఉంటే రెండక్షరాలు. గ్రంథాలయాలు ఇంగ్లీషు పద్ధతిలో చివరి పేరు పట్టుకుని జాబితా రాస్తాయి కనక కృష్ణమూర్తులందరూ ఒకే అరలో భుజాలు రాసుకుంటూ నిలబడతారు. వాళ్ళ మధ్య అడ్డుగోడ ఒక్క పొడి అక్షరం, దాని పక్కన చుక్క. ఆ చుక్క అచ్చులో ఎగిరిపోయిందా, గుడివాడ వచ్చి విరుదునగర్‌లో పడుతుంది.

పోనీ గ్రంథాలయ శాస్త్రమే పుట్టని దేశమా మనది? పుస్తకానికీ పాఠకుడికీ సంబంధం కుదర్చడమెలాగో 1931లో ఐదు సూత్రాలు రాసిపెట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ తమిళనాడువాడే. ఆయన ఎస్ అంటే శియాళి, ఊరు. ఆర్ అంటే రామామృతం, తండ్రి. ప్రపంచంలోని పుస్తకాలన్నిటికీ చోటు చూపించిన మనిషి తన పేరులో మాత్రం ఊరినీ తండ్రినీ రెండు చుక్కల వెనక కూర్చోబెట్టుకున్నాడు.

మా కోవిల్‌పట్టి గర్వమైన రచయిత కి.రా.నే తీసుకోండి. పక్కనే ఇడైసేవల్ ఆయన ఊరు. తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగువాళ్ళు ఈ కరిసల్ (నల్లరేగడి) నేలకు వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం' అని తమిళంలో రాసి, దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నాడు. ఆయన అసలు పేరు రాయంగాల శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజ నాయకర్. ఇంత పేరు పెట్టిన పెద్దవాళ్ళు ఏ రైల్వే ఫారమూ నింపి ఉండరు. ఆయన దాన్ని కత్తిరించి కత్తిరించి కి. రాజనారాయణన్ చేశాడు. జనం ఇంకా కత్తిరించి కి.రా. అన్నారు. అన్ని తరాలూ కలిసి చివరికి రెండు అక్షరాల్లో సర్దుకున్నాయి.

మా బావ చిన్నకొడుకు టెక్సాస్‌లో ఉన్నాడు. ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి రాయాలి గనక పాస్‌పోర్టులో తండ్రి పేరు రాశారు. ఇప్పుడు ఆఫీసులో వాణ్ణి అందరూ రామసామీ అని పిలుస్తారు. ఇక్కడ తండ్రి పేరు పెట్టి పిలిస్తే కొడవళ్ళు లేచే ఊరు మాది. అక్కడ వీడు నవ్వుతూ పలుకుతాడు! ఒకరోజు ఫోన్ స్పీకర్లో పెట్టి ఉండగా అవతల ఎవరో "రామసామీ, ఆ పని ఎందుకు చెయ్యలేదు?" అని గద్దించారట. ఇక్కడ విరుదునగర్‌లో బావ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

రామస్వాముల జోలికి నేను పోను. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి, ఈరోడ్ రామసామి ఇద్దరూ రాముడి పేరు పెట్టుకుని రామాయణం మీద కేసు వేసినవాళ్ళే. వాళ్ళ పుస్తకాలు తారుమారైతే ఏ ఇంట్లో ఏ గదికి తాళం పడుతుందో!

విరుదునగర్‌లో ఈ బెడద లేనిది ఒక్క కామరాజ్‌కే. 1903లో ఆ ఊళ్ళో పుట్టినప్పుడు కులదేవత పేరు కామాక్షి అని పెట్టారు, తల్లి రాజా అని పిలిచింది, రెండూ కలిసి కామరాజ్ అయింది. ఆ ఊళ్ళో ఆయన పుస్తకం అడిగితే ఏ కామరాజ్ అని ఎవడూ అడగడు. అదృష్టం అలా ఉండాలి. 1967 ఎన్నికల్లో అదే ఊరు ఆయన్ని ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడించింది, అది వేరే కథ.

ఇంతకీ మాకూ ఇంటిపేరు ఉంది. వందల ఏళ్ళ కిందట ఎవరో మూటల్లో కట్టుకుని తెచ్చిందే. బడి రిజిస్టర్లో లేదు, రేషన్ కార్డులో లేదు, మండీ బోర్డు మీద లేదు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు మాత్రం ముసలివాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు, అవతలివాళ్ళదీ మనదీ ఒకటి కాకూడదు కదా అని. మా మనవరాలిని మొన్న నేనే అడిగాను, మన ఇంటిపేరు ఏమిటే అని. వీధి పేరు, తలుపు నంబరు చెప్పింది. దానికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నేనూ నెల్లూరులో ఉద్యోగానికి వెళ్ళాకే నేర్చుకున్నాను, దానికి నెల్లూరు రాసిపెట్టి ఉందో లేదో. అడిగే ముసలివాళ్ళు కూడా ఏటా తగ్గుతున్నారు.

బావ సంగతి తేలింది లెండి. సరైన పుస్తకం తెమ్మని మేనల్లుణ్ణి అద్దె పుస్తకాల కొట్టుకు పంపితే, అక్కడాయన కృష్ణమూర్తి అనగానే క్షణం ఆలోచించకుండా కల్కి కృష్ణమూర్తి 'పొన్నియిన్ సెల్వన్' ఐదు భాగాలూ సంచిలో వేసి ఇచ్చాడు. 1950 నుంచి మూడున్నరేళ్ళు వారం వారం జనాన్ని పత్రిక కోసం కాపు కాయించిన నవల అది. బావ ఇప్పుడు వరండాలో ఎవరితోనూ పోట్లాడడం లేదు, తలెత్తితే గదా. పూజగది తాళం చెవి ఏ భాగంలోనో గుర్తుకి పెట్టుకున్నాడట, అక్క వెతుకుతోంది. మనశ్శాంతి అంటే ఇదేనని నేనూ ఒప్పుకున్నాను.

నాకు మాత్రం భద్రిరాజు ఇంకా దొరకలేదు. కనక పుస్తకాలు వేసే పెద్దలకు ఒక విన్నపం. అట్ట మీద రచయిత బొమ్మ చిన్నదైనా పరవాలేదు, గడ్డం సగం కోసేసినా పరవాలేదు. పుస్తకం వీపు మీద ఇంటిపేరు పూర్తిగా వెయ్యండి. అక్షరానికి ఎంత ఖర్చయినా ధరలో కలుపుకోండి, మేం ఇచ్చుకుంటాం.