ఆ బెజ్జం మూయకండ్రా!

మనోహరాబాద్ దగ్గర హైవే పక్కన ఇప్పుడు లారీ ఆగిందంటే డ్రైవరు కిందికి దిగడు. సీట్లోనే కూర్చుని ఫోను తీస్తాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రబొమ్మ వెలిగిందట. దాన్ని ఫొటో తీసి ఓనరుకు పంపుతాడు, ఓనరు సర్వీసు సెంటరుకు పంపుతాడు, వాళ్లు ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఓ పోరణ్ణి పంపుతారు. ఈలోపు బండి కింద నీళ్ల మడుగు కట్టిందా లేదా అని వంగి చూసే పుణ్యాత్ముడు ఒక్కడూ కనపడడు. మా రోజుల్లో ముందు వంగేవాళ్లం. బొమ్మా లేదు, ఫోనూ లేదు కాబట్టి వంగక తప్పేది కాదనుకోండి, అది వేరే సంగతి.

మా రోజులంటే ఇది ఇంకా ఏడో నంబరు హైవేగా ఉన్న రోజులు. 44 అని పేరు మార్చింది 2010లో. నిజామాబాద్ పసుపు, ఆదిలాబాద్ పత్తి, నాగపూర్ సంత్రాలు అన్నీ ఈ దారినే హైదరాబాదు దిగేవి. మోసేవి ఎక్కువగా టాటా 1210లు. పన్నెండు టన్నులు, వంద గుర్రాలు, లెక్కంతా పేరులోనే ఉండేది. 1954లో టెల్కో వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. 1969 దాకా ముందర బెంజ్ నక్షత్రమే మెరిసేది. ఆ పొత్తు తీరాక నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది, లోపలి ఇంజను వంశం మాత్రం అదే. రెండోది లేలాండ్ కామెట్. టాటాకు మిల్లీమీటరు పానాలు, లేలాండుకు సూతు పానాలు. రెండు సెట్లూ లేనివాణ్ణి ఉస్తాద్ అని ఎవరూ పిలిచేవారు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీళ్ల పంపును మేం వాటర్ బాడీ అంటాం. ఇంజను ముందర, ఫ్యాను వెనకాల ఉంటుంది. బెల్టు తిప్పితే పుల్లీ తిరుగుతుంది, ఆ షాఫ్టు రెండో కొసన ఉన్న ఇంపెల్లర్ రేడియేటర్ నీళ్లను ఇంజనులోకి తోస్తుంది. షాఫ్టుకు ఒక దిక్కు నీళ్లు, ఇంకో దిక్కు గ్రీసు పెట్టిన బేరింగులు. ఆ నీళ్లు ఈ గ్రీసును ముట్టకుండా మధ్యలో కాపలా ఉండేది సీలు. కార్బన్ రింగు, రబ్బరు, స్ప్రింగు, అంతే దాని సంసారం. ఆ సీలుకూ బేరింగుకూ నడుమ, బాడీ అడుగున, పెన్సిల్ మొన పట్టేంత బెజ్జం ఒకటి ఉంటుంది. సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ దారిన కిందికి కారాలని, కారినప్పుడు మనకు కనపడాలని బండి చేసినవాడే దాన్ని పెట్టాడు.

దాన్ని ఈ కాలపు మహానుభావులు ఎం-సీల్ పెట్టి మూసేస్తున్నారు!

మొన్న ఒక రైస్ మిల్లు కుర్రాడు పాత 1210 తోలుకొచ్చాడు. మిల్లుకు నీళ్లు మోసే ట్యాంకరు అది, వాళ్ల తాత కొన్న బండి. "తాతా, కారుతుంటే ఆపించినం. మరి గురగుర సప్పుడు ఎందుకొస్తుంది?" అన్నాడు. రాదా మరి? బయటికి పోయే దారి మూస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి. గ్రీసు కడుక్కుపోతుంది, గోలీలు తుప్పు పడతాయి, షాఫ్టు ఊగుతుంది. ఫ్యాను కూడా ఆ షాఫ్టు మీదే ఉందాయె. ఇంకో పూట నడిపితే అది వంగి రేడియేటర్‌లోకి దూరేది. సీలుతో పోయేదానికి బేరింగులు, రేడియేటర్ కలిపి బిల్లు కట్టేవాడు.

బెజ్జం నుంచి కారితే సీలు. బాడీ ఇంజనుకు అతికే చోట కారితే ప్యాకింగు. పైపు దగ్గరైతే క్లిప్పు. చల్లగా ఉన్నప్పుడు కారి వేడెక్కాక ఆగిపోతే ఒక లెక్క, వేడెక్కాకనే మొదలైతే ఇంకో లెక్క. మా ఉస్తాద్ పానా పట్టనివ్వకముందు ఇదంతా మా నోట చెప్పించేవాడు. ఇప్పుడు అడిగితే "కూలెంట్ లీకేజ్, అసెంబ్లీ మార్చాలి" అని ఒకటే మంత్రం. ఏది కారినా అసెంబ్లీయే.

మేం విప్పేవాళ్లం. పుల్లీని పుల్లర్‌తోనే గుంజాలి, సుత్తితో కొడితే చెంపదెబ్బ ఖాయం. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గోరు పెట్టి గీస్తే గాడి తగలకూడదు. తగిలితే లేతు మిషను దగ్గరికి పోయి స్లీవు ఎక్కించుకు రావాలి. కార్బన్ రింగు ఆనే మొహం అద్దంలా ఉండాలి. గాజుపలక మీద గ్రైండింగ్ పేస్టు రాసి, ఎనిమిది అంకె గీసినట్టు తిప్పుతూ రుద్దేవాళ్లం. ఇక ప్యాకింగు కొనడమన్నది లేనేలేదు. మందపాటి కాగితం బాడీ మీద పరచి, గుండ్రటి సుత్తితో అంచుల వెంట తట్టుకుంటూ పోతే అదే తెగి చేతికొచ్చేది. దాని రెండు పక్కలా పల్చగా గ్రీసు పూసి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక దిక్కు నుంచి వరసగా బిగించుకుంటూ పోయే రకం నేటి సరుకు.

అన్నీ మావే గొప్పలని అనను. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసి హైదరాబాదు దాకా నడిపిన మొనగాళ్లు మాలోనే ఉన్నారు. ఆ పసుపంతా గొట్టాల్లో గడ్డకడితే తోమలేక చచ్చేది మేమే. ఇంజనుకు చల్లదనం మంచిదని థర్మోస్టాట్ పీకి అవతల పారేసిన ఉస్తాదులూ ఉన్నారు. చల్లటి ఇంజను డీజిలు ఎక్కువ తాగుతుంది, లైనర్లు తొందరగా అరుగుతాయి. అప్పుడా మాట అంటే వినేవాడెవడు? కూలెంట్ మంచిదే, తుప్పు పట్టనివ్వదు. అయితే ఎర్రదాంట్లో పచ్చది కలిపి, చాలకపోతే బోరునీళ్లు గుమ్మరించే డ్రైవర్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? మా బోరునీళ్లు కాచిన గిన్నెకే తెల్లటి పెచ్చు కడుతుంది, ఇంజనుకు కట్టదా?

80ల్లో మన పాత మెదక్ జిల్లా జహీరాబాద్‌లోనే ఆల్విన్ వాళ్లు నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేశారు. అప్పటి ముసలి ఉస్తాదులు "జపాను బండికి మన చేతులు పట్టవు" అని సణిగితే మేం పడీపడీ నవ్వాం. ఇప్పుడు బీఎస్-6 బండ్లను చూసి నేను సణుగుతుంటే పోరగాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. ఈ కొత్త బండ్ల నీళ్ల పంపుకు గ్రీసు నిపులే లేదు, బేరింగు సీలు అన్నీ కలిపి ఒకే ముద్ద. విప్పడానికి ఏముందని నేర్చుకుంటారు? ఊరి చుట్టూ కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి ఫ్యాక్టరీలకు రాత్రీపగలూ బండ్లు వస్తూనే ఉంటాయి, విప్పి చూడటం వచ్చిన చెయ్యి మాత్రం వెతికినా దొరకదు.

మిల్లు కుర్రాడి బండికి రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణంలో కిట్టు దొరికింది. కొత్త సీలు, కొత్త బేరింగులు వేసి, ఎం-సీల్ గీకి ఆ బెజ్జం తెరిచాను. బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకు మించి లాగితే బేరింగు మీద భారం పడుతుంది అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు. వారం తిరక్కుండానే ఆ దారిన పోతూ ఆగితే చూశాను. బెల్టు జారుతోందని ఎవడో చెప్పాడట, ఇంత కూడా కదలకుండా బిగించుకున్నాడు. "టైటుంటే మంచిదే కదా తాతా?" అంటాడు. నేనేమీ అనలేదు. రాణిగంజ్ వాడికి ఫోను చేసి, అవే బేరింగులు ఇంకో జత తీసి పెట్టమన్నాను.