వెనకగాలి

నేను కోనాడ తెప్పని. నా దుంగల్లో పెద్దది గజపతినగరం దగ్గర చంపావతి గట్టున పెరిగిన బూరుగు. ఆ ఊరి మీదుగా పారే ఏరే కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నప్పుడు తాగిన నీటి వెంటే పనిలోకి వచ్చానని నాకెంతో గర్వం.

దుంగల్ని తాళ్లతో బిగించి కడితే నేను. కెరటం మీదపడినా నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, కాబట్టి మునగను. తిరగబడే భయం మాత్రం ఉంది. తెరచాప ఎత్తాక ఆ భయం వెనకగాలిలోనే ఎక్కువ. తెల్లవారుజామున నేలగాలి మమ్మల్ని లోపలికి నెడుతుంది, మధ్యాహ్నం కడలిగాలి ఇంటికి నెడుతుంది. రెండుసార్లూ గాలి వీపు మీదే.

గాలితోపాటే పోతుంటాం కనుక ఒంటికి అది మెత్తగా తగులుతుంది. ఎంత జోరు మీదున్నామో తెలియదు. పైన తెరచాపను గాలి ముందుకు తోస్తుంది, కింద నన్ను నీరు పట్టి ఆపుతుంది. దాంతో నా ముక్కు వంగుతుంది. ముందున్న కెరటంలోకి అది దూరిందా, వెనక భాగం లేచి మనుషులు తెరచాప మీదుగా ఎగిరిపడతారు.

అందుకే మా తండేలు నా ముక్కు మీంచి కళ్లు తిప్పడు. నురగ మొదటి కట్టుతాడు దాటిందంటే చాలు, "ఎనక్కి జరగరా గుంటడా, ముక్కు మునిగిపోతంది!" అని కేకేస్తాడు. కుర్రాడు వలతో సహా మూరెడు వెనక్కి జరుగుతాడు. ముక్కు లేస్తుంది. గాలి పడిపోతే మళ్లీ ముందుకు రావాలి. లేకపోతే వెనక భాగం నీళ్లలో ఈడ్చుకుంటూ తెప్ప బరువెక్కుతుంది.

పందేలకు దిగే కాటమరాన్‌లకూ ఇదే గండం. టోర్నడో అనే జంట పొట్టల పడవ 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. 2016లో రియోలో నాక్రా 17 వచ్చింది, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కలిసి నడిపేది. అవి తిన్నగా గాలి వెంట పోవు, ఏటవాలుగా అటూ ఇటూ మళ్లుతూ దిగుతాయి. దారి పెరిగినా వేగం అంతకన్నా పెరుగుతుంది. గాలి ముదిరితే అందులోని ఇద్దరూ వెనక చివరకు చేరతారు, మా కుర్రాడిలాగే.

ఒడ్డు దగ్గర విరిగే కెరటాల్లో నా పని ఇంకా కష్టం. అక్కడ వెనకనుంచి కెరటం కూడా ఎత్తుతుంది. ముందే తెరచాప దించి, అడ్డం తిరగకుండా తెడ్డు నొక్కిపట్టాలి. ఇసక మీదికి లాగాక నన్ను విప్పి ఆరబెట్టాలి. నీరు పీల్చిన దుంగ ముందువైపు ఉంటే, మర్నాడు ఎంత వెనక్కి జరిగినా ముక్కు లేవదు.