కాకి లెక్కలకు కొత్త డ్యాష్‌బోర్డు

తెలుగునాట వెబ్‌సైటు పెట్టిన ప్రతి సంస్థ దగ్గరా, అది ఇంజినీరింగ్ కాలేజీ కానీ, వార్తల పోర్టల్ కానీ, కుల సంఘం కానీ, ఊరించే అంకె ఒకటి ఉంటుంది. సభ పెట్టినప్పుడల్లా దాన్ని మైకులో చదువుతారు. "మన సైటుకు లక్షల్లో హిట్లు!" చప్పట్లు మోగుతాయి. హిట్ అంటే ఏమిటండీ అని అడిగే పెడసరపు మనిషిని అలాంటి సభలకు పిలవరు.

హిట్ అంటే మనిషి కాదు. బ్రౌజరు సర్వర్‌ను అడిగే ప్రతి ఫైలూ ఒక హిట్టే. హోం పేజీలో చైర్మన్ గారి నిలువెత్తు ఫొటో, వారి నాన్నగారి విగ్రహం, కదిలే బ్యానర్లు, గుర్తింపు సంస్థల లోగోలు కలిపి 39 బొమ్మలున్నాయనుకోండి. పేజీ ఒకటి, బొమ్మలు 39. దారితప్పి వచ్చిన ఒక్క మనిషి మీద 40 హిట్లు! ఆదరణ పెంచుకోవాలంటే చదువు బాగా చెప్పక్కర్లేదు, చైర్మన్ గారి ఫొటోలు ఇంకో పది పెడితే చాలు.

1990లలో పేజీ అడుగున అంకెల కౌంటర్లు తిరిగేవి. వాటిలో చాలావాటికి మొదటి సంఖ్య మనమే ఇచ్చుకోవచ్చు. అలాంటి వసతి ఉన్నాక సున్నాతో మొదలుపెట్టే అమాయకుడెవడు? 2005లో గూగుల్ అర్చిన్ అనే కంపెనీని కొని, ఆ ఏడాది నవంబరులో సందర్శకుల లెక్కలు చూపే అనలిటిక్స్‌ను ఉచితంగా ఇచ్చింది. జనం ఎగబడేసరికి కొద్దిరోజుల్లోనే కొత్త రిజిస్ట్రేషన్లు ఆపాల్సి వచ్చింది. అప్పట్నుంచి కాకి లెక్కలకు రంగురంగుల గ్రాఫులు తోడయ్యాయి.

ఇక్కడ లెక్కించేది 'యూజర్ల'ను. చాలా సైట్లలో ఆ యూజరు కూడా మనిషి కాదు, బ్రౌజరులో దాచిన ఒక కుకీ. ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి, ఇంట్లో ఫోన్లో ఒకసారి చదివిన పెద్దమనిషి ఇద్దరవుతాడు. ఒకే ఫోన్లో చదివే తల్లీ కూతుళ్లు ఒక్కరవుతారు. 2019 నుంచి యాపిల్ వారి సఫారీ ఇలాంటి కుకీలను వారం రోజులకే చెరిపేస్తోంది. ఐఫోన్లో పది రోజులకోసారి వచ్చే నమ్మకమైన పాఠకుడు వచ్చిన ప్రతిసారీ కొత్తవాడే. కొత్త పాఠకులు వెల్లువెత్తుతున్నారని ఆ నెల నివేదికలో రాసుకుంటారు.

వాట్సాప్ సంగతి మరీ ముచ్చట. మన దగ్గర వార్త తిరిగేదే ఫ్యామిలీ గ్రూపుల్లో. అక్కణ్నుంచి వచ్చే క్లిక్కు చాలాసార్లు తానెక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు, 'డైరెక్ట్' ఖాతాలో పడుతుంది. అంటే, పాఠకుడు సైటు చిరునామా కంఠస్థం పట్టి, అక్షరం అక్షరం టైపు చేసుకుంటూ వచ్చాడని అర్థం చెప్పుకోవచ్చు. మార్కెటింగ్ మేనేజరు దానికి 'బ్రాండ్ బలం' అని పేరు పెట్టి ఒక స్లైడు నింపేస్తాడు.

ఇప్పటి అనలిటిక్స్‌లో పది సెకన్లు దాటి పేజీ మీద ఉంటే 'ఎంగేజ్డ్', అంటే శ్రద్ధగా చూసినట్టు. తెర నిండా పరుచుకున్న ప్రకటనను మూసే గుర్తు ఎక్కడుందో వెతికేసరికే పది సెకన్లు దాటిపోతాయి.

ఇక మనుషులే కానివాళ్లు. 2024లో వెబ్ ట్రాఫిక్‌లో 51 శాతం యంత్రాలదేనని ఇంపర్వా సంస్థ నివేదిక తేల్చింది. తెలిసిన బాట్లను గూగుల్ వడకడుతుంది కానీ, తెలియనివి నవ్వుకుంటూ లోపలికొస్తాయి. అసలు రాకుండానే వచ్చినట్టు రాయించుకున్నవీ ఉన్నాయి. 2016 నవంబరులో ఎన్నో సైట్ల నివేదికల్లో, సందర్శకుల భాష ఏమిటో చూపే గడిలో, 'ట్రంప్‌కు ఓటేయండి' అనే వాక్యం కనబడింది. ఆ స్పామర్లు సైటు గుమ్మం తొక్కలేదు, దొంగ లెక్కను తిన్నగా గూగుల్‌కే పంపారు.

పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? వీడియోలను సగటున ఎంతసేపు చూస్తున్నారో రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మొత్తం చూసిన సమయాన్ని మూడు సెకన్లకు పైగా చూసినవాళ్ల సంఖ్యతోనే భాగించారు. మొదటి క్షణంలోనే చీదరించుకుని వెళ్లిపోయినవాళ్లు ఆ సంఖ్యలో లేరు, సగటు దానంతటదే లేచింది. ప్రకటనదారులు కోర్టుకెక్కితే 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంకె పెద్దదైతే ఎవరి జేబు నిండుతుందో, కొలబద్దా వాళ్ల చేతిలోనే ఉంది.

రాజధానిలో కాకులెన్నని రాజు అడిగితే తెనాలి రామకృష్ణుడు ఒక సంఖ్య చెప్పి, ఎక్కువుంటే చుట్టాలొచ్చారనీ, తక్కువుంటే చుట్టాలింటికి వెళ్లాయనీ అన్నాడని కథ. నేటి డిజిటల్ కన్సల్టెంటు అదే విద్యకు నెలనెలా ఫీజు తీసుకుంటాడు. ట్రాఫిక్ పెరిగితే తన క్యాంపెయిన్, తగ్గితే గూగుల్ అల్గారిథమ్.

అలాగని అనలిటిక్స్ పరికరం పనికిరానిదేం కాదు. ఫీజు కట్టే పేజీ దాకా వచ్చి జనం ఎందరు వెనక్కి పోతున్నారో, సైటులోని సెర్చ్ పెట్టెలో 'హాల్ టికెట్' అని ఎన్నిసార్లు కొట్టారో సరిగ్గా అమర్చుకుంటే చెబుతుంది. కానీ ఆ నివేదిక తెరిస్తే పని పడుతుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు. అందుకే దాన్ని ఎవరూ తెరవరు.

సైట్ల యజమానులకు ఒక్క విన్నపం. సొంత సిబ్బంది రాకపోకల్ని లెక్కలోంచి తీసేసే ఫిల్టర్ అనలిటిక్స్ అడ్మిన్‌లోనే ఉంది. ఆఫీసు ఐపీ చిరునామా ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ఆ ఫిల్టర్ మొదట 'టెస్టింగ్'లోనే ఉంటుంది, 'యాక్టివ్' చేసేదాకా ఎవర్నీ ఆపదు. మార్చండి. అంకె పెరిగిందా లేదా అని పొద్దస్తమానం సొంత పేజీనే తెరిచి చూసే మీ ఉద్యోగులు లెక్కలోంచి పోతారు, అంకె పడిపోతుంది. వచ్చే నెల నివేదికలో ఆ పడిపోయిన అంకెనే రాయండి.