రవ్వ గోరంత, రచ్చ కొండంత

గ్యాస్ పొయ్యి మీట తిప్పగానే టిక్ టిక్ అంటుందే, ఆ టిక్కు వెనక వేల వోల్టుల నిప్పురవ్వ ఉంది. బర్నరు వెలిగించి ఊరుకోదది. పక్కనున్న రేడియోను గరగరలాడిస్తుంది, పొయ్యిలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటే దానికీ తిక్క పుట్టిస్తుంది. నోరు మూయించే మందు పాతదే. తీగ పొట్టిగా ఉంచాలి, మధ్యలో రెసిస్టర్ పెట్టాలి, ఫెర్రైట్ పూస తొడగాలి, చుట్టూ లోహపు తొడుగు వెయ్యాలి. కారు రేడియో గోల పెట్టకుండా స్పార్క్ ప్లగ్గులో దశాబ్దాలుగా రెసిస్టర్ పెడుతూనే ఉన్నారు.

అదే రెసిస్టర్‌ని పేటెంటు కాగితం ఎక్కించండి, పట్టాభిషేకమే! "కనీసం ఒకటి గానీ, అంతకు మించి గానీ, విద్యుత్ నిరోధక సాధనములు సదరు స్ఫులింగ జనకమునకు ప్రత్యక్షముగానో పరోక్షముగానో సంధింపబడి..." చిల్లర డబ్బుల సరుకు చక్రవర్తి అయి కూచుంటుంది. ఇక పక్క కంపెనీవాడు పూస తొడిగినా రాజద్రోహమే.

పాపం, రవ్వ తప్పేముంది? రేడియో పుట్టిందే దాని కడుపున. 1887లో హెర్ట్జ్ రవ్వ రాల్చే తరంగాలను పట్టాడు. మార్కోని ఆ రవ్వలతోనే ఓడలకు కబుర్లు పంపాడు. ఓడలో ఉంటే కబురు, వంటింట్లో ఉంటే రొద!

ఒక స్టేషను రొద ఇంకో స్టేషను మీద పడకుండా మార్కోని 1900లో శ్రుతి చేసే పద్ధతికి బ్రిటన్‌లో పేటెంటు తీశాడు. నంబరు 7777. నాలుగు ఏడులు! ఆ తర్వాత కథంతా ఏడుపే. దాని అమెరికా పేటెంటు 1904లో వచ్చింది. అమెరికా ప్రభుత్వం తమ పేటెంట్లు వాడేసుకుందని 1916లో మార్కోని కంపెనీ దావా వేసింది. లాడ్జ్, టెస్లా, స్టోన్ అనేవాళ్లు ఆ పని ముందే చేశారు కనుక ముఖ్యమైన క్లెయిములు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసరికి 1943. మార్కోని పోయి అప్పటికి ఆరేళ్లు. రొద తగ్గించే ఉపాయం మీద 27 ఏళ్ల రొద!

నిజంగా కొత్త సర్క్యూట్ కట్టినవాడికి 20 ఏళ్ల హక్కు ఇవ్వండి, దణ్ణం పెడతాం. తెలిసిన సామాన్లను అటుదిటు, ఇటుదటు సర్దితే అది ఆవిష్కరణ కాదని మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) ఏనాడో చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2007లో ఒక కారు పెడల్ తగాదాలో ఇంచుమించు ఆ మాటే అంది. వినేదెవరు? పిట్టపోరు తీర్చడానికి పిల్లి నల్లకోటు వేసుకుని సిద్ధంగా ఉంటే!

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. రెండు ఏడులయ్యాయి. మూడోది ఇప్పటికీ గరగరలాడే రేడియోది. నాలుగోది, రెండు పక్షాల ఫీజులూ కలిపిన ధరకు పొయ్యి కొన్న మనది.