కరకట్ట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

కట్ట దిగకండి. తిన్నగా పోండి. నీళ్లొస్తే ఆగండి.

అవతారిక

విజయవాడ నుంచి సముద్రం దాకా కృష్ణ వెంట పరుగెత్తాలని ముచ్చటపడేవారికి డెల్టాలో దొరికే సలహాలన్నిటినీ కలిపి వడగడితే చివరికి మిగిలేవి ఈ మూడు ముక్కలే. సూత్రకారుడు అనామకుడు. గేదెల వెనక నడుస్తూ చెప్పాడో, తెగిన వల అల్లుకుంటూ చెప్పాడో తెలియదు. మంగళాచరణం లేదు, ఫలశ్రుతి లేదు. అయినా శాస్త్రానికి ఉండాల్సిన నాలుగు అనుబంధాలూ ఇందులో కుదిరాయి. అధికారి, తెల్లవారుజామునే బూట్లు బిగించుకునే పట్నవాసి. విషయం, ఏరూ మడ అడవీ సముద్రమూ కనిపించే దారి. ప్రయోజనం, కంటికి విందు, ఒంటికి చెమట. సంబంధం, దారికీ కాళ్లకూ ఉన్నదే. సూత్రంలో క్రియలు మూడు. పరుగు శాస్త్రం గనుక ‘పోండి’ అన్నదే ప్రధానమనీ, ముందువెనకలున్నవి ఉత్త జాగ్రత్తలనీ పైపైన చదివినవారు అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ అసలు విధి ‘ఆగండి’. మిగిలిన రెండూ దాన్ని నిలబెట్టడానికి వచ్చినవే. ఈ టీక పని అది నిరూపించడం.

ప్రతిపదార్థం

కట్ట అనగా కరకట్ట. వరద ఊళ్ల మీద పడకుండా ఏటి ఒడ్డున మట్టి పోసి లేపినది. యనమలకుదురు దాటి, తోట్లవల్లూరు మీదుగా అవనిగడ్డ వైపు సాగేది ఎడమగట్టు కట్ట. కొండలు విజయవాడ దగ్గరే ఆగిపోతాయి. అక్కణ్ణుంచి సముద్రం దాకా తాటిచెట్టునూ కొబ్బరిచెట్టునూ మించిన ఎత్తు అరుదు. అంతటి చదునైన నేలలో రెండు నిలువుల మట్టిగట్టే శిఖరం. దాని మీద నిలబడితే ఒకపక్క ఇసుక మేటలూ లంకలూ, మరోపక్క అరటి, కంద, పసుపు తోటలు. దిగువకు పోయేకొద్దీ తోటలు పోయి వరిచేలు, చేలు పోయి రొయ్యల చెరువులు, వాటిలో తెల్లటి నురగ చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు. పులిగడ్డ దగ్గర ఏరు చీలి దివిసీమను చేతుల మధ్య పెట్టుకుంటుంది. ఒక పాయ హంసలదీవి వైపు పోతుంది. కాకి హంస అయిన చోటని స్థలపురాణం. పరుగు మొదలుపెట్టే లావుపాటివారికి ఇంతకన్నా ధైర్యవచనం అక్కర్లేదు. మొత్తం దూరం ఇంచుమించు రెండు మారథాన్లు. దాన్ని ఒక్క పూటలో ముగించమని సూత్రకారుడు ఎక్కడా అనలేదని గమనించాలి.

దిగకండి అన్నది నిషేధం. దిగితే ఏముందో తెలిస్తేనే నిషేధానికి అర్థం తెలుస్తుంది. సముద్రం దగ్గరపడే చోట కట్ట కింద ఉండేది నేల కాదు, నేల కాబోతున్న బురద. అందులో మడ చెట్టు. చెట్టు చుట్టూ బారెడేసి దూరం దాకా పెన్సిళ్లు గుచ్చినట్టు జానెడేసి వేళ్లు పైకి లేచి ఉంటాయి. నానిన బురదలో గాలి ఆడదు కనుక వేళ్లే బయటికొచ్చి, ఒంటి మీది సన్నని రంధ్రాలతో ఊపిరి పీల్చుకుంటాయి. పరుగెత్తేవాడు కాలు వేసేది చెట్టు ముక్కు మీద. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ అడవుల్ని కలుపుకుని 194.81 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇలాంటి బురదే. రాత్రిళ్లు చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఇల్లు అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి పోవాలంటే అనుమతి కావాలి. చట్టం పేజీల్లో చెప్పినదాన్ని సూత్రం రెండు మాటల్లో చెప్పింది.

తిన్నగా అన్న పదం మొదటి చూపుకు అసంగతం. ఏటి వంపుకల్లా వంగే కట్ట తిన్నగా ఎలా ఉంటుంది? ముఖ్యార్థం కుదరనప్పుడు మరో అర్థం వెతకాలి. తెలుగులో తిన్నగా అంటే మెల్లగా అని కూడా ఉంది, అదే ఇక్కడ గ్రాహ్యం. దేహశాస్త్రమూ దీన్నే బలపరుస్తుంది. చెమట ఒంటిని చల్లబరిచేది కారినందువల్ల కాదు, ఆవిరైనందువల్ల. కోస్తా గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. చెమట ధారలు కడుతుంది గానీ ఆరదు. కొండప్రాంతంలో చెల్లే వేగం ఇక్కడ వడదెబ్బకు దారి. కాబట్టి ‘పోండి’ అన్నప్పుడే సూత్రకారుడు సగం ఆపేశాడు.

నీళ్లొస్తే అన్నచోట శ్లేష ఉంది, అర్థాలు నాలుగు. దారి నీటి అంచుకు చేరితే అని ఒకటి. రెండోది పోటు. ఇంచుమించు ఆరు గంటలు ఎక్కి ఆరు గంటలు దిగే సముద్రం అమావాస్యకూ పున్నానికీ మరింత పైకి వస్తుంది. పొద్దున పొడిగా దాటిన పాయ మధ్యాహ్నానికి నడుముల్లోతవుతుంది. మూడోది వరద. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. అలాంటి రోజుల్లో కట్ట లంకల్లోంచి తోలుకొచ్చిన గొడ్లకూ, మూటాముల్లెకూ చోటు. పరుగు మాట ఎత్తడమే తప్పు. నాలుగోది 1977 నవంబరు 19. ఆ రాత్రి దివిసీమ మీదికి వచ్చిన నీళ్లకు ఉప్పెన అని పేరు, పోయిన ప్రాణాలు వేలల్లో. ఆ అర్థం దగ్గర టీకాకారుడు హాస్యం మానాలి.

శంకా సమాధానాలు

ఆగితే అది పరుగెలా అవుతుందన్నది మొదటి శంక. వందలాది మైళ్లు ఆగకుండా పరుగెత్తేవారున్న లోకంలో ఆగమనడం శాస్త్రద్రోహం కదా అని. సమాధానం: ఏ దారికైనా కొస ఉంటుంది, మామూలుగా ఆ కొసను పరుగెత్తేవాడి దమ్ము నిర్ణయిస్తుంది, డెల్టాలో నేల నిర్ణయిస్తుంది. ఇక్కడి నేల గట్టిపడిన వస్తువు కాదు, నది మోసుకొచ్చిన మట్టికీ సముద్రానికీ ఇంకా తెగని వ్యాజ్యం. తీర్పు రాని భూమిలో కాలు పెట్టకపోవడం పిరికితనం కాదు, లౌక్యం.

రెండో శంక బరువైనది. అడవిలోకే చక్కటి ట్రాక్ వేస్తే బూట్లకు బురద అంటదు, నలుగురూ వస్తారు, దివిసీమలోని నాగాయలంకలో నాలుగు డబ్బులు తిరుగుతాయి. అభయారణ్యం చూడనివ్వకపోతే దాని మీద ప్రేమ ఎలా పుడుతుందంటారు. ప్రేమ మాట న్యాయమైనదే. అయితే మడ అడవి బతుకు అంగుళాల లెక్క. పోటు ఎక్కి దిగినంతకాలం ఉప్పు కడుక్కుపోతుంది. అడ్డంగా మట్టి పోసి దారి లేపితే లోపలి నీరు నిలిచి, ఎండకు ఆరి, ఉప్పు పేరుకుని చెట్టు చస్తుంది. చెడిన మడను తిరిగి లేపడానికి ఈ తీరంలో చేసిన పనే సాక్ష్యం: చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి రప్పించి, అప్పుడు నాటారు. నీటికి దారి ఇస్తే లేచిన అడవి, మనిషికి దారి లేపితే పడిపోతుంది. పడితే పోయేది అందం ఒక్కటే కాదు. 1999 ఒడిశా పెనుతుఫాను తర్వాత కేంద్రపాడా గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో, ముందు వెడల్పాటి మడ ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. ఉప్పెన చూసిన సీమలో ఆ అడవిని ట్రాక్ కోసం పణంగా పెట్టమని ఏ పూర్వపక్షీ అడగలేడు. నాగాయలంకకు నాలుగు డబ్బులు కట్ట మీద పరుగెత్తేవారి టిఫిన్ల వల్లా రావచ్చు.

మూడో శంక దేశాంతరం నుంచి. 1605లోనే బందరులో కోఠీ పెట్టిన డచ్చివారు తమ దేశపు వాడెన్ సముద్రంలో ఆటు వేళ బురద మీద మైళ్లకొద్దీ నడుస్తారు కదా అంటారు. నడుస్తారు, పరుగెత్తరు. అదీ దారి చూపేవాణ్ణి ముందు పెట్టుకుని, ఆటుపోట్ల వేళలు చూసుకుని. వారి బురదలో ముక్కులు పైకెత్తిన చెట్లు లేవు. ఈ దృష్టాంతం మన సూత్రానికే మద్దతు.

నాలుగో శంక సూక్ష్మమైనది. కట్ట కూడా మనిషి పోసిన మట్టే, నది మేటను అదే అడ్డుకుంది, పైన డ్యాములు ఒండ్రును ఆపేస్తే కింద తీరం కోసుకుపోతోంది. అలాంటి కట్టను దారిగా కీర్తించడమేమిటి అని. ఒప్పుకోవాల్సిందే. కట్ట నిర్దోషి కాదు. కానీ అది ఇప్పటికే ఉంది. ఉన్న కట్ట మీద పరుగుకు కొత్తగా తట్టెడు మట్టి అక్కర్లేదు. లోకంలో అందమైన దారులకు ఇంతకన్నా తక్కువ ఖర్చు ఉండదు.

తాత్పర్యం

కట్ట ఎత్తు కనిపించడానికి, మెల్లదనం చూడటానికి, ఆగడం ఆ చూసినది రేపటికీ ఉండటానికి. కాబట్టి ఆగడమే ప్రధానమని సిద్ధాంతం. దీనికి ఒకే అపవాదం. శీతకాలం చివర ఈ తీరపు ఇసుక మీద రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, గుంటకు ఇంచుమించు వంద. దాదాపు ఏడు వారాలకు అగ్గిపెట్టెకన్నా చిన్న పిల్లలు ఇసుక తోసుకుని లేచి, సముద్రపు వెలుగు వైపు పరుగు తీస్తాయి. నీళ్లొచ్చినా అవి ఆగవు, ఆగకూడదు. సూత్రానికి విరోధం రాదు. అవి కట్ట ఎక్కి వచ్చినవి కావు.